మినీకంప్యూటర్ డిస్క్ డ్రైవ్‌ల పునరుద్ధరణ: ఆర్.కె.05 ఆధారంగా దోషనిర్ణయ పద్ధతి

వ్యాససంగ్రహం

1970 దశకంలో మినీకంప్యూటర్లకు అనుబంధంగా పనిచేసిన తొలగించదగిన డిస్క్ కార్ట్రిడ్జ్‌లలో ఆనాటి ప్రోగ్రాములు, ప్రయోగ ఫలితాలు, సంస్థల రికార్డులు నిక్షిప్తమై ఉన్నాయి. వాటిని చదవగల యంత్రాలు అరుదైపోయాయి. మిగిలిన యంత్రాలను సరైన క్రమం పాటించకుండా నడిపితే యంత్రమూ సమాచారమూ రెండూ నశిస్తాయి. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ రూపొందించిన ఆర్.కె.05 డిస్క్ డ్రైవ్‌ను ఉదాహరణగా తీసుకుని, దాని నిర్మాణాన్ని, కాలక్రమంలో అందులో ఏర్పడే లోపాలను, పునరుద్ధరణలో పాటించవలసిన క్రమాన్ని, దోషనిర్ణయ తర్కాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మినీకంప్యూటర్, డిస్క్ డ్రైవ్, ఆర్.కె.05, పి.డి.పి-11, హెడ్, అలైన్‌మెంట్, డిజిటల్ వారసత్వం, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

తాళపత్రాన్ని చదవడానికి కన్ను ఉండాలి, లిపి తెలియాలి. పత్రం కొంత శిథిలమైనా మిగిలిన అక్షరాలు పాఠకుడికి కనిపిస్తూనే ఉంటాయి. అయస్కాంత డిస్క్ పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. దాని మీద ఉన్న రాత కంటికి కనిపించదు. దానిని చదవగలిగేది ఒక యంత్రం మాత్రమే. ఆ యంత్రం పాడైతే రాత చెక్కుచెదరకుండా ఉన్నా లేనట్టే లెక్క. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. లోపమున్న యంత్రంతో చదవడానికి ప్రయత్నిస్తే ఆ ప్రయత్నమే రాతను గీకి తుడిచివేయగలదు. ఇతర పాత యంత్రాల మరమ్మతుకూ డిస్క్ డ్రైవ్ పునరుద్ధరణకూ ఉన్న మౌలికమైన తేడా ఇదే. పాత రేడియోను తప్పుగా నడిపితే రేడియో ఒక్కటే పాడవుతుంది. డిస్క్ డ్రైవ్‌ను తప్పుగా నడిపితే మరెక్కడా ప్రతి లేని ఒక గ్రంథం పోవచ్చు.

అందుచేత ఇక్కడ మరమ్మతు అనేది కేవలం సాంకేతిక నైపుణ్యానికి సంబంధించిన విషయం కాదు. ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఏది అసలు చేయకూడదు అనే వివేచన ఇందులో ప్రధానమైనది.

2. చారిత్రక నేపథ్యం

1957లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్థాపితమైన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో పి.డి.పి-8ను, 1970లో పి.డి.పి-11ను విడుదల చేసింది. గది నిండా ఉండే పెద్ద కంప్యూటర్ల స్థానంలో ఒక ప్రయోగశాల, ఒక కళాశాల విభాగం భరించగల యంత్రాలు ఇవి. వీటికి తగిన నిల్వ సాధనంగా 1970 దశకం తొలి సంవత్సరాలలో ఆర్.కె.05 వచ్చింది. ఐ.బి.ఎం. 1130 కంప్యూటర్‌తో ప్రచారంలోకి వచ్చిన 2315 తరహా కార్ట్రిడ్జ్ నమూనానే ఇదీ అనుసరించింది. ఒకే ఒక్క 14 అంగుళాల పళ్ళెం, దాని చుట్టూ ప్లాస్టిక్ పెట్టె, పక్కన హెడ్‌లు లోపలికి ప్రవేశించడానికి ఒక చిన్న తలుపు: ఇదీ ఆ కార్ట్రిడ్జ్ స్వరూపం. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రూపొందిన ఆల్టో కంప్యూటర్ వాడిన డయాబ్లో డ్రైవ్ కూడా ఈ తరహాకు చెందినదే.

కంప్యూటర్ విజ్ఞానం బోధించే అధ్యాపకులకు ఈ డ్రైవ్ పేరు మరో మార్గంలో పరిచితమై ఉంటుంది. బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన యునిక్స్ ఆరవ సంచిక 1975లో వెలువడింది. పి.డి.పి-11 మీద దానికి ఆర్.కె.05 ప్రధానమైన డిస్క్‌లలో ఒకటి. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ ఆ సంచికకు రాసిన ప్రసిద్ధ వ్యాఖ్యానంలో ఒక అధ్యాయం పూర్తిగా ఈ డిస్క్‌ను నడిపే ప్రోగ్రాము గురించే. నిర్వహణ వ్యవస్థల పాఠంలో భాగంగా ఆ కొద్ది పంక్తుల ప్రోగ్రామును చదివినవారు చాలామంది ఉన్నారు. అది ఏ యంత్రాన్ని కదిలించేదో చూసినవారు తక్కువ.

మినీకంప్యూటర్ల చరిత్రలో హైదరాబాదుకూ స్థానం ఉంది. 1967లో ఇక్కడ నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ 1969లో టి.డి.సి-12ను, ఆ తర్వాత టి.డి.సి-312, టి.డి.సి-316 అనే యంత్రాలను తయారుచేసింది. ఆ తరం యంత్రాల నిల్వ సాధనాలను ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న తెలుగు నేలకు పరాయిది కాదు.

3. నిర్మాణం, పనితీరు

దోషాన్ని గుర్తించాలంటే ముందు ఆరోగ్యకరమైన స్థితి తెలియాలి. ఆర్.కె.05లో పళ్ళెం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 40 మిల్లీసెకన్లు. పళ్ళేనికి పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు హెడ్‌లు ఉంటాయి. ప్రతి ముఖం మీద 203 వలయాకార ట్రాక్‌లు ఉంటాయి. పైనా కిందా ఒకే స్థానంలో ఉన్న రెండు ట్రాక్‌లను కలిపి సిలిండర్ అంటారు. పి.డి.పి-11 పద్ధతిలో ఒక్కో ట్రాక్‌ను 12 సెక్టర్లుగా విభజిస్తారు. ఒక్కో సెక్టర్‌లో 512 బైట్లు పడతాయి. 203ను 2తో, 12తో, 512తో గుణిస్తే మొత్తం సామర్థ్యం 24,94,464 బైట్లు, అనగా సుమారు 2.5 మెగాబైట్లు. పి.డి.పి-8 పద్ధతిలో ట్రాక్‌కు 16 సెక్టర్లు ఉంటాయి. ఈ విభజన కార్ట్రిడ్జ్ మధ్యనున్న లోహపు కుదురు మీది గాట్లలోనే ఉంది. కాబట్టి ఒక పద్ధతి కార్ట్రిడ్జ్ మరొక పద్ధతికి పనికిరాదు. దొరికిన కార్ట్రిడ్జ్ చదవబడకపోతే మొదట లెక్కపెట్టవలసినవి ఆ గాట్లే.

సమాచారాన్ని ద్వంద్వ పౌనఃపున్య పద్ధతిలో రాస్తారు. ప్రతి బిట్ ప్రారంభంలో ఒక అయస్కాంత మార్పు తప్పనిసరిగా ఉంటుంది. అది కాలసూచకం. బిట్ విలువ ఒకటి అయితే మధ్యలో మరొక మార్పు వస్తుంది, సున్నా అయితే రాదు. రాత వేగం సెకనుకు 14.4 లక్షల బిట్లు. అంటే ఒక చుట్టులో 57,600 బిట్లు, ఒక సెక్టర్ భాగంలో 4,800 బిట్లు ఇమడగలవు. అందులో 4,096 బిట్లు అసలు సమాచారం. మిగిలిన చోటు ప్రారంభ సంకేతాలకు, సిలిండర్ సంఖ్యను తెలిపే శీర్షిక పదానికి, తనిఖీ మొత్తానికి, సెక్టర్ల మధ్య ఖాళీకి సరిపోతుంది. ఈ శీర్షిక పదం దోషనిర్ణయంలో ఎంత కీలకమో ముందు ముందు తెలుస్తుంది.

హెడ్‌లను ముందుకూ వెనుకకూ జరిపేది లౌడ్‌స్పీకర్‌లో ఉండేటటువంటి వాయిస్ కాయిల్. అది ఎంత జరిగిందో తెలుసుకోవడానికి సన్నని గీతలున్న ఒక పారదర్శక కొలబద్ద, దాని మీద పడే కాంతి, ఆ కాంతిని గ్రహించే సెన్సార్లు ఉంటాయి. అంగుళానికి 100 ట్రాక్‌లు కాబట్టి పక్కపక్క ట్రాక్‌ల మధ్య దూరం 0.254 మిల్లీమీటర్లు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. తర్వాతి తరం డ్రైవ్‌లలో చాలావాటిలో హెడ్ తన స్థానాన్ని డిస్క్ మీది రాతను బట్టే సరిచూసుకుంటుంది. ఆర్.కె.05కు ఆ వీలు లేదు. అది నమ్మేది తన సొంత కొలబద్దనే.

హెడ్ పళ్ళేనికి తగలదు. పళ్ళేనితో పాటు తిరిగే గాలిపొర మీద కొన్ని మైక్రోమీటర్ల ఎత్తులో తేలుతుంది. ఆ చోట పళ్ళెం ఉపరితలం సెకనుకు సుమారు 16 నుంచి 25 మీటర్ల వేగంతో సాగిపోతుంటుంది. తల వెంట్రుక మందం ఆ ఎత్తుకు ఎన్నో రెట్లు. అందుకే గాలిని శుద్ధి చేసి లోపలికి పంపే ఫ్యాను, వడపోత ఈ యంత్రానికి ఊపిరితిత్తుల వంటివి. కరెంటు పోయినా, వేగం తగ్గినా హెడ్‌లు పళ్ళెం మీద వాలిపోకముందే వాటిని వెనక్కి లాగడానికి నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది.

4. కాలం చేసే హాని

ఐదు దశాబ్దాలు మూలనున్న డ్రైవ్‌లో సాధారణంగా కనిపించే లోపాలను అవి కలిగించే ప్రమాదాన్ని బట్టి మూడు తరగతులుగా విభజించవచ్చు.

మొదటి తరగతి: సమాచారాన్ని నాశనం చేసేవి. గాలి గొట్టాల కీళ్ళ వద్ద గాలి బయటికి పోకుండా అమర్చిన స్పాంజి కాలక్రమంలో జిగురుగా మారి, తర్వాత పొడిగా రాలుతుంది. ఇది వడపోతకు అవతల, అంటే శుభ్రమైన గాలి ప్రయాణించే వైపు ఉన్నట్లయితే ఫ్యాను తిరిగిన మరుక్షణమే ఆ పొడి నేరుగా కార్ట్రిడ్జ్‌లోకి చేరుతుంది. హెడ్‌ల మీద పేరుకున్న గోధుమరంగు ఆక్సైడ్ మరకలు, పళ్ళెం మీది ధూళి, పాత గీతలు కూడా ఈ కోవకు చెందినవే.

రెండవ తరగతి: యంత్రాన్ని పాడుచేసేవి. విద్యుత్ సరఫరా విభాగంలోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఎండిపోవడం లేదా లీకు కావడం, బ్యాటరీ నుంచి కారిన క్షారం సర్క్యూట్ బోర్డుల రాగిని తినివేయడం, బెల్టు బిగుసుకుపోవడం లేదా పగలడం, బేరింగులలో గ్రీజు గట్టిపడటం.

మూడవ తరగతి: పనికి ఆటంకమైనవే తప్ప హాని చేయనివి. కనెక్టర్ల మీద చిలుము, కాలిపోయిన సూచక దీపాలు, స్విచ్‌లలో మురికి. అయితే దీపాల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఈ డ్రైవ్ తన స్థితిని ముందుభాగంలోని చిన్న బల్బుల ద్వారానే తెలియజేస్తుంది. లోపాన్ని తెలిపే బల్బు కాలిపోతే లోపమున్నా లేనట్టే కనిపిస్తుంది. రాత నిరోధక దీపం కాలిపోతే నిరోధం ఉందో లేదో తెలియదు. అందువల్ల ఇతర దోషాలను వెదకడానికి ముందే బల్బులన్నింటినీ పరీక్షించాలి.

5. పునరుద్ధరణ క్రమం

యంత్రాన్ని ముందుగా కరెంటుకు తగిలించి ఏం జరుగుతుందో చూడాలనే ఉత్సాహం సహజం. ఈ రంగంలో కోలుకోలేని నష్టాలు అక్కడే మొదలవుతాయి. ప్రతి దశలోనూ ఒకే ఒక్క కొత్త విషయాన్ని పరీక్షించడం, ముందు దశ నిర్ధారణ కానిదే తర్వాతి దశకు వెళ్ళకపోవడం అనే నియమం మీద కింది క్రమం ఆధారపడి ఉంది.

5.1 నమోదు: విప్పడానికి ముందే ప్రతి భాగాన్నీ ఫొటో తీయాలి. బోర్డులు ఏ గాడిలో ఉన్నాయో, ఏ తీగ ఎక్కడికి వెళుతుందో, గతంలో ఎవరైనా మార్పులు చేశారో రాసుకోవాలి. నాటి నిర్వాహకులు అతికించిన కాగితపు చీటీలు, బోర్డుల మీది చేతిరాతలు కూడా చారిత్రక సాక్ష్యాలే.

5.2 గాలిమార్గం: శిథిలమైన స్పాంజిని పూర్తిగా తీసివేసి, గొట్టాలను కడిగి ఆరబెట్టి, కొత్త అతుకులు అమర్చాలి. వడపోత పాతదైతే మార్చాలి. తర్వాత కార్ట్రిడ్జ్ లేకుండా ఫ్యానును ఒక్కదానినే చాలాసేపు నడిపి, గాలి వచ్చే చోట తెల్లని బట్టను అడ్డుపెట్టి చూడాలి. బట్ట మీద మచ్చ పడినంత కాలం కార్ట్రిడ్జ్‌ను దగ్గరికి తీసుకురాకూడదు.

5.3 విద్యుత్ సరఫరా: విద్యుత్ సరఫరా విభాగాన్ని డ్రైవ్ నుంచి విడదీయాలి. కెపాసిటర్లను కొలిచి, బలహీనమైనవాటిని మార్చి, కృత్రిమ భారం మీద వోల్టేజీలను పరీక్షించాలి. తార్కిక సర్క్యూట్లకు కావలసిన +5 వోల్టుల సరఫరా అదుపు తప్పి పెరిగితే క్షణంలో పదుల సంఖ్యలో చిప్‌లు పోతాయి. మీటరులో సగటు విలువ సరిగ్గా ఉన్నంత మాత్రాన తృప్తి చెందకుండా, ఆసిల్లోస్కోప్‌తో ఆ వోల్టేజీలోని ఎగుడుదిగుళ్ళను కూడా గమనించాలి. పాత బ్యాటరీని తీసివేసి, కొత్తది అమర్చే వరకూ హెడ్‌లను దించకూడదు.

5.4 పళ్ళెం తిరిగే భాగం: ఇక్కడ భారతదేశంలో పనిచేసేవారికి ప్రత్యేకమైన సమస్య ఉంది. మోటారు వేగం సరఫరా పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. అమెరికా సరఫరా 60 హెర్ట్జ్, మన సరఫరా 50 హెర్ట్జ్. అమెరికాకు తయారైన డ్రైవ్‌ను ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ సరిచేసి ఇక్కడ నడిపితే వోల్టేజీ సరిపోతుంది, వేగం సరిపోదు. 1500కు బదులు సుమారు 1250 చుట్లే తిరుగుతుంది. చుట్టుకు 40కి బదులు 48 మిల్లీసెకన్లు పడుతుంది. హెడ్‌ను తేల్చే గాలిపొర పలచబడుతుంది, చదివే సర్క్యూట్ల కాలగణన తప్పుతుంది. మోటారు పుల్లీని 50 హెర్ట్జ్‌కు తగినదిగా మార్చడమే దీనికి పరిష్కారం. సెక్టర్ గాట్ల సంకేతాన్ని ఆసిల్లోస్కోప్‌తో చూస్తే చుట్టుకాలం నేరుగా తెలుస్తుంది.

5.5 హెడ్‌లు: చిన్న అద్దం, మంచి వెలుతురు సహాయంతో రెండు హెడ్‌లనూ పరిశీలించాలి. మరకలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని బట్టతో తుడవాలి. గోరుతోగాని లోహపు పనిముట్టుతోగాని గీకకూడదు. ఉపరితలం మీద గీత గానీ పెచ్చు గానీ కనబడితే ఆ హెడ్‌ను మార్చవలసిందే. పళ్ళేన్ని కూడా అలాగే పరిశీలించాలి. వలయాకారంలో మెరిసే గీత ఉండి, అక్కడ పూత పోయి అల్యూమినియం కనబడితే హెడ్ దానిని ఒకసారి ఢీకొన్నదని అర్థం.

5.6 హెడ్‌లను జరిపే భాగం: వాయిస్ కాయిల్ తీగను విడదీసి, హెడ్‌లు పళ్ళెం మీదికి రాని పరిధిలో చేతితో మెల్లగా జరుపుతూ కొలబద్ద సెన్సార్ల సంకేతాలను చూడాలి. రెండు సంకేతాలు ఒకదానికొకటి పావు చక్రం తేడాతో, సమాన ఎత్తులో రావాలి. ఎత్తు తగ్గితే కాంతి మూలం మసకబారిందని, ఒకవైపుకు ఒరిగితే సెన్సార్ల సమతుల్యం చెడిందని గ్రహించాలి.

5.7 తొలిసారి హెడ్‌లను దించడం: ఇందుకు వాడవలసినది పోయినా నష్టం లేని, శుభ్రమైన కార్ట్రిడ్జ్. రాత నిరోధక స్విచ్ వేసి, చేయి ఆపే స్విచ్ మీద ఉంచి వినాలి. హెడ్ నెమ్మదిగా వాలితే మెత్తని శబ్దం ఒక్కటే వినిపిస్తుంది. చుట్టుకోసారి టింగుమనే శబ్దం గానీ, గీకుతున్న సన్నని కీచు గానీ వినబడితే వెంటనే ఆపాలి. కొన్ని నిమిషాలు నడిచిన తర్వాత ఆపి, హెడ్‌లను మళ్ళీ పరిశీలించాలి. మరకలు కొత్తగా పడకపోతేనే ముందుకు సాగాలి.

6. సంక్రమించే దోషం

ఈ రంగంలో అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు తర్కం రూపంలోనే ఎదురవుతుంది. ఒక డ్రైవ్‌లో ఒక కార్ట్రిడ్జ్ చదవబడలేదు. లోపం డ్రైవ్‌దా, కార్ట్రిడ్జ్‌దా? రెండవ డ్రైవ్‌లో ఆ కార్ట్రిడ్జ్‌ను పెట్టి చూడటం, మొదటి డ్రైవ్‌లో మరో కార్ట్రిడ్జ్‌ను పెట్టి చూడటం సాధారణ ఎలక్ట్రానిక్స్‌లో సరైన పద్ధతే. ఇక్కడ అది అంటువ్యాధిని వ్యాపింపజేయడమే అవుతుంది. గీతపడిన పళ్ళెం రెండవ డ్రైవ్ హెడ్‌లను దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న హెడ్‌లు రెండవ కార్ట్రిడ్జ్‌ను గీస్తాయి. ఒకే మధ్యాహ్నంలో ఒక లోపం నాలుగు లోపాలవుతుంది. కాబట్టి కంటితో పరిశీలించనిదే దేనినీ మార్చి చూడకూడదు.

7. దోషనిర్ణయ తర్కం

యాంత్రికంగా డ్రైవ్ సురక్షితమని తేలిన తర్వాత కంట్రోలర్ సహాయంతో పరీక్షలు మొదలవుతాయి. పి.డి.పి-11లోని ఆర్.కె.11 కంట్రోలర్‌కు ఒక దోష రిజిస్టర్ ఉంది. అందులోని ఒక్కో బిట్ ఒక్కో రకమైన లోపాన్ని సూచిస్తుంది. బిట్ 1 తనిఖీ మొత్తం సరిపోలేదని, బిట్ 5 లేని సెక్టర్‌ను అడిగారని, బిట్ 6 లేని సిలిండర్‌ను అడిగారని, బిట్ 8 కాలసూచక సంకేతాలు తప్పిపోయాయని, బిట్ 12 హెడ్ సరైన చోటికి చేరలేదని, బిట్ 13 రాత నిరోధం ఉన్న డిస్క్ మీద రాయబోయారని, బిట్ 15 డ్రైవ్‌లోనే లోపం ఉన్నదని చెబుతాయి.

అయితే బిట్ చెప్పేది లక్షణాన్నే తప్ప కారణాన్ని కాదు. బిట్ 12 ఇందుకు మంచి ఉదాహరణ. హెడ్ సరైన సిలిండర్‌కు చేరిందో లేదో కంట్రోలర్ నిర్ధారించుకునేది సెక్టర్ శీర్షిక పదాన్ని చదివే. కాబట్టి ఈ బిట్ వెలిగితే హెడ్ నిజంగా తప్పు చోటికి వెళ్ళి ఉండవచ్చు. లేదా సరైన చోటే ఉండి, చదివే ఆంప్లిఫయర్ బలహీనత వల్ల శీర్షిక పదం తప్పుగా చదవబడి ఉండవచ్చు. మొదటిది యాంత్రిక భాగానిది, రెండవది ఎలక్ట్రానిక్ భాగానిది. ఈ రెండింటినీ వేరుచేయడానికి ఆసిల్లోస్కోప్‌ను చదివే హెడ్ సంకేతం మీద పెట్టి చూడాలి. సంకేతం బలంగా, స్థిరంగా ఉండి, శీర్షికలోని సంఖ్య మాత్రం వేరైతే లోపం హెడ్‌లను జరిపే భాగానిది. సంకేతమే బలహీనంగా ఉంటే ఆంప్లిఫయర్ వైపు వెళ్ళాలి.

దోషాలు ఎక్కడెక్కడ వస్తున్నాయో పట్టికగా రాయడం మరింత ఫలవంతమైన పద్ధతి. ఒక ముఖం మీదనే అన్ని సిలిండర్లలోనూ తనిఖీ మొత్తం తప్పుతుంటే అనుమానించవలసింది ఆ హెడ్‌నూ దాని తీగనూ. రెండు ముఖాల మీదా లోపలి సిలిండర్లలో మాత్రమే తప్పుతుంటే, అక్కడ బిట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక, చదివే సంకేతపు బలాన్ని అనుమానించాలి. ఎప్పుడూ ఒకే సెక్టర్‌లో తప్పుతుంటే పళ్ళెం మీది మచ్చను వెదకాలి. యంత్రం వేడెక్కిన తర్వాత మాత్రమే తప్పుతుంటే కనెక్టర్లను, సోల్డర్ అతుకులను చూడాలి. గ్రంథ పరిష్కర్త ప్రతుల మధ్య తేడాలను వర్గీకరించి లేఖక దోషాన్ని పసిగట్టే పద్ధతికీ దీనికీ పోలిక ఉంది. ఒక్క తప్పు ఏమీ చెప్పదు. తప్పుల వరుస చాలా చెబుతుంది.

8. అలైన్‌మెంట్: ప్రమాణమా, ప్రతినా?

ఒక డ్రైవ్‌లో రాసిన కార్ట్రిడ్జ్‌ను మరొక డ్రైవ్ చదవాలంటే రెండింటి హెడ్‌లూ ఒకే చోట ఉండాలి. ఇందుకోసం తయారీదారు ప్రత్యేకమైన అలైన్‌మెంట్ కార్ట్రిడ్జ్‌ను ఇచ్చేవాడు. దాని మీద కేంద్రం నుంచి కొద్దిగా పక్కకు జరిపి రాసిన ట్రాక్ ఉంటుంది. హెడ్ దానిని చదువుతుంటే ఆసిల్లోస్కోప్ తెర మీద పిల్లికన్ను ఆకారంలో ఉబ్బెత్తులు కనబడతాయి. ఉబ్బెత్తులు సమానమైతే హెడ్ సరైన స్థానంలో ఉన్నట్టు. ఒకటి పెద్దదైతే ఆ మేరకు పక్కకు జరిగినట్టు.

ఇక్కడ పరిరక్షకుడికి ఒక ధర్మసంకటం ఎదురవుతుంది. డ్రైవ్ ప్రమాణానికి అనుగుణంగా లేదని తేలిందనుకుందాం. మరమ్మతు దృష్టితో చూస్తే దానిని వెంటనే సరిచేయాలి. కానీ దానితో పాటు దొరికిన కార్ట్రిడ్జ్‌లన్నీ ఈ డ్రైవ్‌లోనే, ఇదే వంకరతో రాయబడి ఉంటే? హెడ్‌ను ప్రమాణానికి తెస్తే ఆ కార్ట్రిడ్జ్‌లు చదవబడకపోవచ్చు. పైగా ఆ వంకరను తిరిగి కచ్చితంగా తీసుకురావడం కష్టం. కాబట్టి యంత్రంతో పాటు దాని సొంత కార్ట్రిడ్జ్‌లు దొరికినప్పుడు, హెడ్‌లు యాంత్రికంగా సురక్షితమని తేలితే, ముందు ఉన్న స్థితిలోనే చదివి ప్రతులు తీసుకోవాలి. అలైన్‌మెంట్ ఆ తర్వాతి పని. యంత్రం దోషం కూడా రాతలో భాగమైపోయిందని దీని అర్థం.

9. ప్రతి తీయడం, నమూనా యంత్రాలు

చదివిన సమాచారాన్ని ఆధునిక కంప్యూటర్‌లో డిస్క్ ప్రతిబింబంగా భద్రపరుస్తారు. ఒకే సెక్టర్‌ను పలుమార్లు చదివి, తనిఖీ మొత్తం సరిపోయిన పాఠాన్ని గ్రహిస్తారు. ఎంతకూ సరిపోనప్పుడు దానిని సున్నాలతో నింపి ఊరుకోకుండా, ఏ సెక్టర్ ఎందుకు పోయిందో విడిగా నమోదు చేయాలి. లేకపోతే భవిష్యత్ పరిశోధకుడు ఆ ఖాళీని అసలు పాఠంగా పొరబడతాడు.

ఇలా తీసిన ప్రతిని, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసిన బాబ్ సుప్నిక్ ప్రారంభించిన సింహ్ వంటి అనుకరణ ప్రోగ్రాములలో నడపవచ్చు. ఇక అసలు యంత్రమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. సమాధానం రెండు విధాలుగా ఉంటుంది. అనుకరణకు కావలసిన ప్రతిబింబాన్ని ఇచ్చేది పనిచేసే డ్రైవే. కాబట్టి చదవని కార్ట్రిడ్జ్‌లు మిగిలి ఉన్నంత కాలం అసలు యంత్రం అవసరం. రెండవది బోధనకు సంబంధించినది. హెడ్ జరగడానికి సగటున 50 మిల్లీసెకన్లు, కావలసిన సెక్టర్ తిరిగి రావడానికి సగటున మరో 20 మిల్లీసెకన్లు పట్టే యంత్రాన్ని చూసినవారికి, ఆనాటి ప్రోగ్రాములు డిస్క్ అభ్యర్థనలను ఎందుకు వరుసక్రమంలో పెట్టేవో వేరుగా చెప్పనవసరం లేదు.

అలాగని ప్రతి డ్రైవ్‌నూ నడిపి తీరాలన్న వాదం సమంజసం కాదు. ప్రతిసారి నడిపినప్పుడు బేరింగులు, హెడ్‌లు, పళ్ళెం కొంత అరుగుతాయి. మార్పు లేని స్థితిలో మిగిలిన అరుదైన యంత్రాన్ని కదపకుండా భద్రపరచి, అదే నమూనాకు చెందిన మరొకదానిని పనికి సిద్ధం చేయడం వివేకం.

10. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. డిస్క్ డ్రైవ్ పునరుద్ధరణలో తప్పు పరీక్ష సైతం సమాచారాన్ని శాశ్వతంగా నాశనం చేయగలదు. కాబట్టి పనుల క్రమం నైపుణ్యంతో సమానమైన ప్రాధాన్యం గలది.

2. గాలిమార్గం, విద్యుత్ సరఫరా, వేగం, హెడ్‌లు, వాటిని జరిపే భాగం అనే వరుసలో ఒక్కొక్కటిగా నిర్ధారించుకున్న తర్వాతే కార్ట్రిడ్జ్‌ను వాడాలి. విలువైన కార్ట్రిడ్జ్ చివరగా రావాలి.

3. దోష రిజిస్టర్ లక్షణాన్ని మాత్రమే సూచిస్తుంది. దోషాలు ఏ ముఖం మీద, ఏ సిలిండర్లలో, ఏ సెక్టర్లలో వస్తున్నాయన్న పట్టిక కారణం వైపు నడిపిస్తుంది.

4. యంత్రాన్ని ప్రమాణానికి సరిచేయడం, దాని రాతలను కాపాడటం అనే రెండు లక్ష్యాలు పరస్పరం విరుద్ధమైనప్పుడు రాతలకే ప్రాధాన్యమివ్వాలి.

5. ఈ విద్యలో కొంత భాగం సర్వీసు మాన్యువళ్ళలో ఉంది. హెడ్ వాలే శబ్దాన్ని బట్టి లోపాన్ని పసిగట్టడం వంటి భాగం ఆ యంత్రాలను నడిపినవారి అనుభవంలోనే ఉంది. మన విద్యాసంస్థల గిడ్డంగులలో పాత కార్ట్రిడ్జ్‌లు కనబడినప్పుడు వాటిని చెత్తగా తొలగించకుండా, నిటారుగా, పొడిచోట, పెట్టె మూసి భద్రపరచి, వాటిని నడిపిన ఉద్యోగులను గుర్తించి వారి అనుభవాన్ని నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. యంత్రాన్ని మరో తరం బాగుచేసుకోవచ్చు. ఆ అనుభవాన్ని అడిగి తెలుసుకునే అవకాశం మాత్రం ఈ తరానికే ఉంది.